పాత ఇంటి వంటగది బాగుచేత: ఏది కదపాలి, ఏది ఉన్నచోటే ఉంచాలి

పాత ఇంట్లో వంటగదిని బాగుచేయించాలన్న ఆలోచన సాధారణంగా కంటికి కనిపించే వాటితోనే మొదలవుతుంది. రంగు వెలిసిన అలమర తలుపులు, అంచులు విరిగిన గట్టు, మసిబారిన గోడ, చాలీచాలని వెలుతురు చూసి, ఇవన్నీ మార్చేస్తే గది కొత్తదైపోతుందని అనుకుంటారు. ఖర్చు లెక్క కూడా ఆ వరుసలోనే వేసుకుంటారు: అలమరలకు ఇంత, గట్టుకు ఇంత, టైళ్లకు ఇంత. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైనప్పుడు ఈ లెక్కను తలకిందులుగా వేసుకోవాలి. చిన్న పాత ఇళ్లలో ఖర్చును నిర్ణయించేవి మురుగునీటి గొట్టం ఉన్న చోటు, గోడలో చేరిన చెమ్మ, ఏనాడో వేసిన కరెంటు వైర్లు. వీటిలో వేటిని ముట్టుకోక తప్పదో, వేటిని ఉన్నచోటే వదిలేయవచ్చో తేలితే తప్ప అలమరలకు ఎంత మిగులుతుందో చెప్పలేం.

అన్నిటికంటే ముందు చూడవలసింది చెమ్మ. పాత గోడలు చాలావరకు రాతితోనో ఇటుకతోనో, సున్నపు అడుసుతోనో మట్టితోనో కట్టినవి. నేడు మామూలుగా వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండు మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందింది 1824లో. అది మామూలు ఇళ్ల గోడలదాకా రావడానికి ఆ తర్వాత చాలాకాలమే పట్టింది. సున్నపు గోడ పనిచేసే తీరు వేరు. కాల్చిన సున్నపురాయికి నీళ్లు కలిపితే వచ్చే తడి సున్నం, గోడమీదికి చేరాక గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. అలా గట్టిపడినా అందులో సన్నని రంధ్రాలు మిగిలే ఉంటాయి. వానకో నేల తడికో గోడలోకి చేరిన నీరు ఆ రంధ్రాల గుండానే ఆవిరై బయటికి పోతుంది. అటువంటి గోడమీద సిమెంటు పూసి, ఆపైన ప్లాస్టిక్ రంగు వేస్తే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది, లోపలికి వచ్చే దారి మాత్రం తెరిచే ఉంటుంది. బయటపడలేని నీరు గోడలోనే పైకి ఎగబాకి, సిమెంటు పూత ముగిసే చోట తేలుతుంది. వెంట తెచ్చిన లవణాలు పూత వెనక గడ్డకట్టి దాన్ని లోపలినుంచి నెట్టేస్తాయి. పెచ్చులు ఊడిన చోట మళ్లీ సిమెంటే పూయించేవారు కొన్నేళ్లకొకసారి అదే ఖర్చును మళ్లీ మళ్లీ పెడుతుంటారు.

చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తేలకుండా దానికి మందు వేయడం అన్నిటికంటే దండగ ఖర్చు. నేలనుంచి ఎక్కే చెమ్మ గోడ అడుగుభాగంలో, సాధారణంగా మీటరు ఎత్తు లోపల, అడ్డంగా ఒక మరక గీతలా కనిపిస్తుంది. ఆ గీత పొడవునా తెల్లని ఉప్పు పొడి తేలి ఉంటుంది. కప్పునుంచో పగిలిన గొట్టంనుంచో కారే నీరు ఒకేచోట మచ్చకట్టి, వాన వచ్చినప్పుడో కుళాయి తిప్పినప్పుడో పెరుగుతుంది. మూడో రకం గోడలో పుట్టేది కానేకాదు. గదిలోని ఆవిరి చల్లటి గోడను తాకి నీటిబొట్లుగా కూడుకుంటుంది. మూలల్లో, అలమరల వెనక, గాలి ఆడని చోట నల్లటి బూజుగా బయటపడుతుంది. తేమ గోడలోదా, గది గాలిలోదా అన్న అనుమానం మిగిలితే తేల్చుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఉంది. అరచేతికి రెట్టింపు ఉన్న అల్యూమినియం రేకు కాగితాన్ని, మచ్చ ఉన్న చోట గోడను తుడిచి ఆరనిచ్చాక, నాలుగు అంచులా జిగురు పట్టీతో గాలి చొరకుండా అతికించాలి. ఒకటి రెండు రోజుల తర్వాత రేకు పైభాగం, అంటే గది వైపు, తడిసి ఉంటే ఆ తేమ గది గాలిలోది. పట్టీ ఊడదీసి చూస్తే గోడవైపు తడి కనిపించిందంటే నీరు గోడలోనే ఉంది.

గది గాలిలో తేమ ఎంత చేరుతుందో చాలామంది ఊహించరు. వంటగ్యాసులోని ప్రొపేన్ ఒక కిలో మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. ఇది కేవలం మంటనుంచి వచ్చేది, గిన్నెలోంచి లేచే ఆవిరి దీనికి అదనం. చిన్న గదిలో, మూసిన కిటికీల మధ్య, ఈ నీరంతా ఎక్కడో ఒకచోట గోడ పట్టుకోవలసిందే. అందుకే బయటికి గాలి తోసే ఫ్యాను, లేదా బయటికి గొట్టం ఉన్న చిమ్నీ హుడ్, తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం ఇచ్చే ఖర్చు. బొగ్గు వడపోతతో గాలిని మళ్లీ గదిలోకే వదిలే హుడ్‌లు జిడ్డునూ వాసననూ కొంత పట్టుకుంటాయి గాని తేమను తీసేయలేవు. చెమ్మ ఉన్న ఇంట్లో వాటిమీద డబ్బు పెట్టడం అనవసరం.

నేలనుంచి ఎక్కే చెమ్మకు కూడా మందు తరచుగా గోడ బయటే ఉంటుంది. ఏళ్ల తరబడి మట్టి పోసి, రాళ్లు పరిచి, బయటి నేలను ఇంటి గచ్చుకన్నా ఎత్తు చేసి ఉంటే, ముందు దాన్ని గచ్చు మట్టానికి కనీసం 150 మిల్లీమీటర్లు దిగువకు తవ్వాలి. చూరునీటి గొట్టం గోడ పక్కనే నీళ్లు వదులుతుంటే దాన్ని దూరంగా మళ్లించాలి. ఆపైన లోపలి సిమెంటు పూతను తీసేసి, గోడను ఆరనిచ్చి, సున్నపు పూత పూయాలి. ఇక్కడ ఓపిక కావాలి. మందమైన గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల అన్నది పనివాళ్లలో చెల్లుబాటయ్యే మోటు లెక్క. ఆ లెక్కన 300 మిల్లీమీటర్ల గోడకు ఏడాది పడుతుంది. ఏడాదిపాటు వంటగదిని మూసి ఉంచడం ఎవరికీ సాధ్యం కాదు గనుక, గోడను అంటి బిగించే అలమరలకు బదులు గోడకు రెండు మూడు అంగుళాల ఎడంతో నిలబడే అలమరలు పెట్టుకుంటే పనీ సాగుతుంది, గోడా ఆరుతుంది.

చాలా పాత వంటగదుల్లో వాడకం ఆగిపోయిన పొయ్యి గూడు, దానిపైన పొగగొట్టం ఉంటాయి. వాటిని కూల్చితే జాగా కలిసివస్తుందన్న ఆశ సహజమే. పొగగొట్టం బరువు పైకప్పుదాకా ఉంటుంది గనుక కింది భాగాన్ని మాత్రమే తీయాలంటే పైదానికి ఉక్కు దూలం ఊతం పెట్టాలి, దానికి ఇంజనీరు లెక్క కావాలి. పరిమిత బడ్జెట్‌లో ఇది దాదాపు ఎప్పుడూ తప్పుడు నిర్ణయమే. గూడును అలాగే ఉంచి, అందులో పొయ్యినో అరలనో అమర్చుకోవడం మేలు. గూడును మూసేయవలసివస్తే కిందా పైనా గాలి ఆడే రంధ్రాలు వదలాలి. పూర్తిగా మూసిన పొగగొట్టంలో నీరు చేరుతుంది. మరో చిక్కు ఏమిటంటే, దశాబ్దాల మసి వదిలిన లవణాలు గోడలోనే ఉండి గాలిలోని తేమను లాక్కుంటాయి, అందువల్ల ఎక్కడా కారడం లేకపోయినా ముసురు పట్టిన రోజుల్లో అక్కడ గోధుమరంగు మరక తేలుతుంది. అటువంటి పూతను తీసేయాల్సిందే, దానిమీద ఏ రంగూ నిలవదు.

గోకడం, పగలగొట్టడం మొదలుపెట్టేముందు ఆగి చూడవలసినవి రెండు: సీసం, దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార ఖనిజం ఆస్బెస్టాస్. పాత తలుపుల మీది రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్లకు వాడే సీసపు రంగులను నిషేధించింది 1978లో మాత్రమే. అలాంటి రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. తడిపి రుద్దడం, లేదా గట్టిగా ఉన్న పొరను కదపకుండా దానిమీదే కొత్త రంగు వేయడం సురక్షితం. పాత గచ్చు పలకల్లో, వాటి జిగురులో, పొయ్యి వెనక వేసిన రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అనుమానం ఉన్న పలకను పగలగొట్టకుండా ముందు ముక్కను పరీక్షకు పంపాలి. అది చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు దానిమీదే కొత్త గచ్చు పరవడం చవక కూడా.

ఇక గది అమరిక. వంటగదిలో కదపడానికి అన్నిటికంటే ఖరీదైన వస్తువు సింకు, ఎందుకంటే దాంతోపాటు మురుగునీటి గొట్టం కదలాలి. నీరు తనంతట తాను పోవాలంటే గొట్టానికి వాలు కావాలి. సింకు గొట్టానికి మీటరుకు 25 మిల్లీమీటర్ల వాలు ఇవ్వడం మంచి పద్ధతి. అంటే సింకును నాలుగు మీటర్లు జరిపితే గొట్టం అవతలి కొసకు పది సెంటీమీటర్లు దిగాలి. చెక్క గచ్చు కింద అంత లోతు దొరకకపోవచ్చు. రాతి గచ్చు అయితే తవ్వాలి. తవ్వినచోట మళ్లీ పరవాలి. ఒక్క సింకు జరపాలన్న కోరికకు గచ్చు ఖర్చు, పూత ఖర్చు, ఆరేదాకా ఆగవలసిన వారాలు తోడవుతాయి. సింకు ఉన్న గోడమీదే అటో ఇటో అర మీటరు జరపడం మాత్రం పెద్ద ఖర్చు కాదు. కిటికీ కిందికి తెచ్చుకోవాలన్న ముచ్చట చాలాసార్లు దాంతోనే తీరుతుంది. పొయ్యినీ ఫ్రిజ్జునూ జరపడం తేలిక. సింకును మేకులా నాటుకుని మిగతావి దాని చుట్టూ సర్దుకోవడమే చవకైన అమరిక.

గది చిన్నదని గోడ కొట్టించాలనుకునేవారు చాలామంది. చిన్న పాత ఇళ్లలో లోపలి గోడలు కూడా తరచుగా దూలాలు మోస్తుంటాయి. పైగా చిన్న గదిలో పని సాగదన్నది నిజం కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఎర్న్‌స్ట్ మై నడిపిన గృహనిర్మాణ కార్యక్రమం కోసం ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో రూపొందించిన వంటగది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. నడవవలసిన అడుగులు తగ్గించడమే ఆ రూపకల్పన ఉద్దేశం. 1940లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రచారంలోకి తెచ్చిన సింకు, పొయ్యి, ఫ్రిజ్జు త్రికోణం లెక్కలో మూడు భుజాల మొత్తం సుమారు 4 మీటర్లనుంచి 8 మీటర్ల లోపు ఉంటే చాలంటారు. నిజానికి పాత వంటగదుల్లో ఇబ్బంది పెట్టేది వైశాల్యంకన్నా తలుపులు. మూడు గుమ్మాలున్న గదిలో అలమర పెట్టడానికి అఖండమైన గోడే మిగలదు. వాడకంలో లేని గుమ్మాన్ని మూసి అరలగూడుగా మార్చడం గోడ కూల్చడంలో పదోవంతు పని కూడా కాదు, దొరికే జాగా మాత్రం ఎక్కువ.

కరెంటు విషయంలో పొదుపు చేయకూడదు. 2000 వాట్ల నీళ్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. దాంతోపాటు అంతే శక్తిగల ఓవెన్ నడిస్తే 17 ఆంపియర్లు దాటుతుంది. ఒకప్పుడు రెండు దీపాలకని వేసిన సన్నని వైరు ఈ భారం మోయలేదు. గోడ లోపల వేడెక్కి, పైతొడుగు పెళుసై, చివరికి నిప్పు పుట్టిస్తుంది. వంటగదికి ప్రత్యేకంగా ఒకటి రెండు లైన్లు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా తెంచే రక్షణ స్విచ్ పెట్టించాలి. ఈ పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. ఖర్చు తగ్గించుకోదగ్గది గోడ చెక్కే పనిలో: రాతి గోడలో కాలువలు తవ్వి పూడ్చే బదులు గోడపైనే గొట్టాలు బిగిస్తే కూలీ తగ్గుతుంది, సున్నపు పూత పగలదు, రేపు మార్చుకోవడం సులువు. పాత ఇంటి గోడమీద నిటారుగా బిగించిన లోహపు గొట్టం చూడడానికి కూడా ఎబ్బెట్టుగా ఉండదు. దీపం గురించి ఒక్క మాట: గది నడిమధ్య వేలాడే ఒంటి దీపం, గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడను సరిగ్గా కూరగాయలు తరిగే చోటే వేస్తుంది. పై అర ముందంచు కింద ఒక ఎల్‌ఈడీ పట్టీ బిగిస్తే ఆ ఇబ్బంది పోతుంది.

ఇంతవరకూ వచ్చాకే అలమరల ప్రస్తావన. పాతవాటిని పారేయాలా వద్దా అన్నది తలుపుల అందం చూసి తేల్చేది కాదు. లోపలి పెట్టె గట్టిగా ఉందో లేదో చూడాలి. సింకు కింది అలమర తలుపు తెరిచి, అడుగు పలకను, వెనక మూలను బొటనవేలితో నొక్కి చూడాలి. పార్టికల్ బోర్డు నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ యథాస్థితికి రాదు, అందులో మరలు పట్టవు, దాన్ని మార్చాలి. ప్లైవుడ్ గాని గట్టి చెక్క గాని అయితే తడిసినచోట మాత్రం ముక్క వేసి మిగతాది ఉంచుకోవచ్చు. పెట్టెలు బాగుంటే బందులు, పిడులు మార్చి, తలుపులకు రంగు వేస్తే కొత్త అలమరల ఖర్చులో చిన్న భాగంతో పని ముగుస్తుంది.

రంగు నిలిచేదీ ఊడేదీ దాదాపు పూర్తిగా ముందు చేసే శుభ్రంమీదే ఆధారపడుతుంది. తలుపు పిడి చుట్టూ అరచేయి తగిలేంత మేర ఏళ్ల తరబడి వేళ్ల జిడ్డు పేరుకుని ఉంటుంది. కంటికి కనిపించదు, గోరుతో గీకితే మైనంలా వస్తుంది. కొత్త రంగు మొదట లేచిపోయేది అక్కడే. తలుపులను విప్పి, ఏది ఏ అలమరదో వెనక అంకె వేసి, చాకలిసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. సీసం లేదని తేలిన పాత రంగును సన్నరకం గరుకు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, పట్టుకునే గుణం ఉన్న ప్రైమరు ఒక పూత, ఆపైన రంగు పలచగా రెండు పూతలు వేయాలి. ముట్టుకుంటే కొన్ని గంటల్లోనే ఆరినట్లు ఉన్నా రంగు పూర్తిగా గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా తలుపులను బిగుతుగా మూస్తే అంచులు అతుక్కుపోతాయి.

కొత్తవి కొనవలసివస్తే పాత ఇల్లు మరో పరీక్ష పెడుతుంది. దుకాణాల్లో దొరికే అలమరలు 60 సెంటీమీటర్ల లోతుతో, నిక్కమైన లంబకోణాలతో వస్తాయి. పాత ఇంట్లో ఏ మూలా లంబకోణంలో ఉండదు, ఏ గచ్చూ మట్టంగా ఉండదు. గోడ మూలనుంచి ఒకవైపు 3 అడుగులు, మరోవైపు 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండింటి మధ్య దూరం 5 అడుగులు వస్తుందో లేదో చూస్తే వంకర ఎంతో తెలుస్తుంది. గోడలను తిన్నగా చేయడానికి మందంగా పూత పూయించడం డబ్బును గోడకు కొట్టడమే. అలమరలను కాళ్ల మరలతో మట్టం చేసి, వంకరను గట్టు పలక వెనకంచులో సర్దుకోవడం వడ్రంగుల పద్ధతి. పలకను గోడకు ఆనించి, రసమట్టంతో సరిచూసి, ఎక్కడ ఎక్కువ సందు ఉందో కొలుస్తారు. సందు 18 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, అంతే మందమున్న చెక్కముక్కకు పెన్సిలు ఆనించి, ఆ ముక్క గోడను రాసుకుంటూ పోయేలా చివరిదాకా లాగుతారు. గోడ ఒంపుసొంపులన్నీ పలకమీద గీతగా దిగుతాయి. ఆ గీత వెంట కోసి తోస్తే పలక గోడలోంచి మొలిచినట్లు కూర్చుంటుంది. ఇది ఒక పూట పని.

గట్టు ఎత్తును మాత్రం పాతదాన్ని బట్టి కాక, అక్కడ ఎక్కువసేపు పనిచేసే మనిషిని బట్టి నిర్ణయించాలి: వంచిన మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్ల దిగువన ఉంటే నడుము నొప్పి రాదు. ఇతరులు వాడి తీసేసిన రాతి పలక దొరికితే మంచిదే గాని, 30 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు మీటరుకు 80 కిలోల బరువుంటుంది. కింద ఊతం ఉందో లేదో చూసుకోవాలి. గట్టి చెక్క అయితే రేకలకు అడ్డంగా వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. అందుకే బిగించే మరలకు కాస్త పొడవైన రంధ్రాలు వదలాలి, నూనెను అడుగువైపు కూడా పట్టించాలి. లామినేటు పలకలో అపాయమంతా సింకు కోసం కోసిన అంచులోనే ఉంటుంది. సింకు దించేముందు ఆ పచ్చి అంచుకు నీరు తగలకుండా సిలికాన్ పూయడం మరిచిపోతే రెండేళ్లలో ఉబ్బుతుంది.

గచ్చు రాతిదైతే శుభ్రం చేసి, సందులు పూడ్చి వదిలేయడమే ఉత్తమం. మట్టిమీద నేరుగా పరిచిన రాళ్లను ప్లాస్టిక్ షీటుతో కప్పితే అక్కడ ఆవిరి కాలేని తేమ గోడల్లోకి మళ్లుతుంది, అప్పుడు గోడలకు పెట్టిన ఖర్చంతా వృథా. కొత్తగా సిమెంటు గచ్చు పోయక తప్పకపోతే, 50 మిల్లీమీటర్ల మందం వరకు రోజుకు మిల్లీమీటరు చొప్పున ఆరుతుందన్న లెక్కతో, పైపరుపుకు ముందు నెలన్నరకు పైగా ఆగాలి.

బడ్జెట్‌లో ఐదోవంతు ఏ పద్దుకూ కేటాయించకుండా పక్కన పెట్టుకోవాలి. పాత పూత తీశాక, గచ్చు పలక లేపాక ఏం కనిపిస్తుందో ముందే చెప్పగలవారు లేరు. మొత్తం ఒకేసారి చేయించలేనప్పుడు పనిని విడగొట్టుకోవచ్చు: తేమ, గొట్టాలు, వైర్లు మొదటి విడతలో, గట్టు, అలమరలు, రంగు తర్వాత. హుడ్ ఇప్పుడు కొనలేకపోయినా దాని గొట్టానికి గోడలో రంధ్రం, దానికి కావలసిన వైరు మొదటి విడతలోనే పెట్టించి మూత వేయించాలి. పూత పూసేముందు ప్రతి గొట్టం, ప్రతి వైరు పక్కన కొలత టేపు ఆనించి, గచ్చునుంచి ఎత్తు, మూలనుంచి దూరం కనిపించేలా ఫొటోలు తీసి ఉంచితే, రెండో విడతలో గోడకు రంధ్రం వేసే వడ్రంగి ఎక్కడ మర దించకూడదో వెతుక్కోనక్కర లేదు.